కారాల్సిన నీళ్లు

గట్ల మొకం తిప్పుకుంటే నేనెట్ల చెప్పాలె యాస్మీనక్కా? కూసోమనకున్నా మంచిదే, నిలబడే చెప్త. ఖదీరన్న ఇంట్ల లేడు గదా? మంచిగైంది. నీ పెనిమిటి ముంగట నాకు నోరు రాదు.

మా ఆయన పంపితేనే వచ్చిన. అవ్, జగదీశ్వరే పంపిండు. ఎందుకో ఎరికేనా? "ఖదీరును గీజర్ ముచ్చట బయట మాట్లాడుడు బంద్ చెయ్యమను, లేకుంటే పోలీసు ఠాణాకు పోత" అని చెప్పి రమ్మన్నడు. బెదిరిచ్చి రమ్మన్నడక్కా! రంజాన్‌కు మీ ఇంటి షీర్ ఖుర్మా తిన్న నోటితోని నేను మిమ్ముల బెదిరియ్యాల్నట!

ఆగు, లెవ్వకు. మొత్తం ఇను.

మా బోరు నీళ్ల సంగతి నీకు ఎరికే. గిన్నె ఆరితే చాలు, అడుగున తెల్లగ సున్నం. అందుకే గదా, ఏటా చలికాలం ముంగట ఖదీరన్న వచ్చి గీజర్ విప్పి, లోపలి పెచ్చులు గీకి, కాయిల్ కడిగి పోయేది. ఈసారి గూడ చేసిండు. పోంగ పోంగ ఏమన్నడు? "చెల్లె, ఈ వాల్వుల నుంచి చుక్క చుక్క పడ్తది, ఫికర్ చెయ్యకు. లోపల ఒత్తిడి ఎక్కువైతే బయటికి పోయే తొవ్వ ఇదొక్కటే. మూయద్దు."

మా ఆయన డ్యూటీ దిగొచ్చి చూసిండు. "సర్వీసు చేసినంక గూడ కారుతాందంటే గిదేం సర్వీసు?" అన్నడు. ఖదీరన్న మూయద్దన్నడని చెప్పిన. ఇంటడా? "బొగ్గుబాయిల అంతంత పంపులు నడిపెటోనికి గీ డబ్బా తెల్వదా?" అనుకుంట బజారుకు పోయి ఇత్తడి మూత తెచ్చి వాల్వుకు బిగిచ్చిండు. కారుడు ఆగింది. అబ్బో, ఎంత సంబురం! అత్తను పిలిచి మరీ చూపెట్టిండు.

ఆ పొద్దు మా అత్త తానానికి పోయింది. నేను పొయ్యికాడ ఉన్న. ఢామ్మన్నది! గిన్నెలన్ని కింద పడ్డయి. ఉరికి తలుపు తీస్తే లోపలంత ఆవిరి, ఏం కండ్లవడ్తలేదు. గోడకు గీజరే లేదు. నీళ్లు కాగినంక గూడ కరెంటు దానంతటది బంద్ గాలేదట. కాగీ కాగీ, బయటికి పోయే తొవ్వ లేక పగిలిందట. అత్త మూలకు ముడుసుకున్నది. "శ్యామలా, సల్ల నీళ్లు..." అంటాంది. చెయ్యి పట్టి లేపబోతే తోలు నా చేతికి వచ్చింది.

అన్నం ముద్ద చేతిల పట్టుకుంటే ఇప్పటికీ అదే యాదికొస్తాంది.

దవాఖానల డాక్టరు అడిగితే మా ఆయన చప్పున అన్నడు, "మెకానిక్ సరిగ్గ చెయ్యలే సార్." నేను అత్త దిక్కు చూసిన. ఆమెకు అంతా ఎరికేనాయె! కండ్లు మూసుకున్నది. ఎన్క నా చెయ్యి పట్టుకొని, "కొడుకు నలుగుట్ల నవ్వులపాలైతడు బిడ్డా. ఖదీరుకేంది, రేపోమాపో అందరు మర్శిపోతరు" అన్నది.

మర్శిపోయిండ్రా అక్కా? మీ దుకాణం షట్టర్ దించే ఉన్నదాయె. ఆ మొగిలి వాళ్లింట్ల ఖదీరన్న సగం పనిల ఉంటే, సామాన్లు సర్దుకొమ్మన్నరట గదా. నువ్వు ఏడ్వకు. నువ్వు ఏడిస్తే నా మాట ఆగిపోతది.

ఇగో, పట్టుకో. రేకు ముక్కలు ఊడుస్తుంటే దొరికింది. వాల్వూ, దానికి మూతా. ఇంకా బిగిసే ఉన్నది, చూడు. మా ఇండ్ల లైన్ల అందరికి చూపెట్టమను ఖదీరన్నను. ఎవలిచ్చిండ్రని అడిగితే నా పేరే చెప్పు.

భయం లేదా అంటవా? మస్తుగున్నది. ఒక్క మాట చెప్త, ఎవలికి చెప్పకు. మా అత్త అట్ల మూలుగుతాంటే నాకు ఆమె మీద జాలి ఒస్తలేదక్కా. కోపమే ఒస్తాంది. ఒళ్లంత కాలినా కొడుకునే కాపాడుతాంది. రేపు నా ఒళ్లు కాలితే నన్నెవలు కాపాడుతరు?

ఛాయ్ వద్దు. దవాఖానకు అన్నం తీస్కపోవాలె. ఆయన ఆడనే ఉన్నడు, "చెప్పినవా?" అని అడుగుతడు. చెప్పిన అంట. ఏం చెప్పిన్నో గూడ తల్లి ముంగటనే చెప్త. ఇంట్ల ఉండనిస్తే ఉంట. లేకుంటే...

లేకుంటే ఏందో నాకూ తెల్వదు. పోత అక్కా, అన్నం సల్లారుతాంది.