గణపతికి పదకొండు చుట్లు

నాందేడ్, 1984. గణపతి పండుగ తొమ్మిదో రోజు మధ్యాహ్నం. గల్లీ మంటపంలో శివవ్వ, ఆమె మనుమరాలు సుమంగళ. గణపతి పైన కొక్కేనికి తీగలతో వేలాడుతూ సుమంగళ చేసిన బొమ్మ విమానం.

“సుమంగళా, ఆ స్టూల్ దిగి ఇటు రా. నా తాన కూసో. చెవి ఇటు పెట్టు, ఒక ముచ్చట చెప్త.”

“ముచ్చట్లకు ఇదా టైము నానమ్మా? విమానం తిరుగుతలేదు. నిన్న మాపటికి గిర్రుమని తిరిగింది. ఇయ్యాల చప్పుడే లేదు.”

“తిరగకుంటే తిరగకపాయె. గణపతి ఏమన్న విమానంల అచ్చిండా, ఎలుక మీద అచ్చిండు.”

“నీకు నవ్వులాట. ఆరు గంటలకు ఆరతి. అప్పుడు గీ విమానం గణపతి చుట్టు పదకొండు చుట్లు తిరగాలె. తిరగకుంటే మన పిండిగిర్ని తాళంచెవి రామదాస్ మామ చేతికి పోతది. గణపతి మండలోళ్ళ అందరి ముందట తాత అన్నడు గద. నువ్వు గూడ ఉన్నవు.”

“ఎందుకు లేను. ఆ దినం అందరికి చాయ్ పోసింది నేనే. పిండిగిర్ని మోటరు ఆడపిల్లకు ఎట్ల ఇస్త అన్నడు మీ తాత. నేల మీది మోటరు ఏం లెక్క, గాలిల ఎగిరే మోటరు నడిపిస్త చూడు అన్నవు నువ్వు. నా నోరే అచ్చింది నీకు.”

“అన్న గని, ఇప్పుడు ఎగురుతలేదు.”

“మీ నాయిన మంచిగుండు, సర్కారు ఎస్టీ బస్సుల టికెట్లు కొట్టుకుంట నాకు గిర్ని వద్దన్నడు. ఇగ మీ తాత చెల్లె కొడుకు రామదాస్ ఉమ్రి నుంచి దిగిండు, తెల్ల ప్యాంటేసుకొని. గిర్నికి తెల్ల ప్యాంటేసుకొని అచ్చేటోన్ని నా జన్మల చూడలే.”

“నానమ్మా, గీ టార్చి బల్బు జెర పట్టుకో. సెల్లుల మీద పెట్టు. ఎలిగిందా?”

“ఎలిగింది. కండ్లల్ల పొడిచినట్టే ఎలిగింది.”

“అంటే సెల్లులు మంచిగున్నయి.”

“అయితే మోటరు సచ్చి ఉంటది. ఆటకారుల నుంచి పీకిన మోటరు, ఎన్ని దినాలు బతుకుతది?”

“సావలే. ఇగో, సెల్లుకు సీదా తగిలిస్తున్న. ఇను.”

“...తిరుగుతున్నది.”

“తిరుగుతున్నది గద. సెల్లులు మంచియే, మోటరు మంచిదే. ఇగ నడుమ ఉన్నయి తీగెలే. కింద సెల్లుల డబ్బ నుంచి పైన కొక్కెం దాంక, కొక్కెం నుంచి విమానం దాంక. ఏడనో తెగింది.”

“తీగెలు ముట్టకు.”

“ఎందుకు?”

“షాక్ కొడ్తది.”

“నాలుగు టార్చి సెల్లులకు షాకేంది?”

“ముసలిదాన్ని, నాకేమెరుక. ముందుగాల నా ముచ్చట ఇను, తర్వాత తీగెలు చూడు. మన గిర్నిల ఆయిల్ ఇంజన్ పీకేసి కరెంటు మోటరు పెట్టిన ఏడు. అప్పటికి నువ్వు పుట్టలే. కొత్త మోటరుకు మీ తాత దండేసిండు, కొబ్బరికాయ కొట్టిండు, ముద్ఖేడ్ నుంచి చుట్టాలను పిలిచిండు. బటన్ ఒత్తిండు. రాళ్ళు తిరిగినయి గని, ఉల్టా తిరిగినయి. జొన్నలు పోస్తే పిండి బయటికి రాలే. చుట్టాలందరు నిలబడి చూస్తున్నరు.”

“నేను తీగెలు చూసుకుంట ఇంట. చెప్పు.”

“చూడకు అంటి గద. మీ తాత అయ్యగారిని పిలిచిండు. అయ్యగారు అచ్చి, కాయ కొట్టిన ముహూర్తం తప్పిందన్నడు. ఇంకో కాయ కొట్టిండ్రు. మళ్ళ ఉల్టానే. ఇంకో కాయ. మూడు దినాలు మన ఇంట్ల కొబ్బరి చెట్నీ తప్ప ఇంకోటి లేదు.”

“మరి ఎట్ల సీదా అయ్యింది?”

“అయ్యింది ఎట్లనో. మోటరుకు మూడు తీగెలు పోతయి. మెయిన్ కింద పడేసి, అండ్ల రెండింటిని అటుది ఇటు, ఇటుది అటు పెడితే సీదా తిరుగుతది.”

“నీకెట్ల ఎరుక గిదంత?”

“మీ తాత నాలుగో కాయ తేవడానికి బజారుకు పోయిండు. నేను మార్చిన. అచ్చి బటన్ ఒత్తిండు, సీదా తిరిగింది. నాలుగో కాయ పనిచేసిందని ఇప్పటికి గూడ అందరికి చెప్తడు.”

“నువ్వు మార్చినవా? ఎన్నడు చెప్పలేదు.”

“చెప్తే అయ్యగారు బాధపడుతుండె. పాపం, మంచోడు.”

“నానమ్మా... ఆగు. ఇగో, దొరికింది. ఈ ముడి నాది గాదు. సెల్లుల డబ్బ తాన తీగెలు కోసి మళ్ళ కట్టిండ్రు ఎవరో. తీగె మీది పూత గూడ గీకలే. పూత గీకకుంటే కరెంటు ఎట్ల దాటుతది?”

“ఓహో, పూత గీకాల్నా?”

“రామదాస్ మామనే. పొద్దుగాల ఈడ తిరుక్కుంట కనపడ్డడు. వానిదే ఈ పని, ఇంకెవరిది?”

“ఉండొచ్చు. వాని చూపే మంచిగ లేదు.”

“పోయి తాతకు చెప్త. గణపతి ముందట నిలబెట్టి అడుగుత.”

“ఇప్పుడే ఎందుకు. పండుగ దినం, లొల్లి ఎందుకు.”

“ఎందుకేంది? నా... ఆగు. గీ ముడి చూడు నానమ్మా.”

“నాకు కండ్లు కనపడయి.”

“బల్బు ఎలిగితే కనపడ్డది. చూడు. రెండు సుట్లేసి, నడుమ నుంచి తీసి, కిందికి గుంజిండ్రు. ఇది పూలదండ ముడి. రామదాస్ మామకు దండ కట్ట అస్తదా?”

“మన గల్లిల దండ కట్టేటోళ్ళు శానామంది ఉన్నరు.”

“నానమ్మా, నా దిక్కు చూడు.”

“సరే. నేనే.”

“నువ్వా? పొద్దుగాల్నుంచి నేను సావంగ సావంగ ఎదుకుతున్న. నువ్వు ఈడ కూసొని కొబ్బరి చెట్నీ ముచ్చట చెప్తున్నవా?”

“చెప్పేదాంక కోపానికి రాకు. నిన్న నువ్వు తిప్పి చూసినప్పుడు నేను స్తంభం తాన నిలబడి చూసిన. ఎటు తిరిగింది విమానం? దేవుడు ఎడమ చేతి దిక్కు ఉన్నడు. అది ప్రదక్షిణనా? సచ్చినోని చుట్టు తిరుగుతరు అట్ల. రేపు నిమజ్జనం అయ్యే దేవునికి ముందురోజే శవయాత్ర చేస్తవా?”

“దేవునికి పట్టింపు లేదు నానమ్మా.”

“దేవునికి లేదు. పట్టుచీర కట్టుకొని ముందట కూసునే ముసలమ్మలకు ఉంటది. ఆ జనాబాయి ఉన్నది సూడు, ఆమె నోరు మైకు. మొదటి చుట్టుకే లేస్తది. మీ తాత అరిష్టమని ఆపిస్తడు. పదకొండు గాదు, ఒక్కటి గూడ కానియ్యరు. అందుకే తెల్లారకముందు అచ్చి తీగెలు అటుది ఇటు, ఇటుది అటు పెట్టిన. గిర్ని సీదా అయ్యింది గద, విమానం గూడ అయితది అనుకున్న.”

“అయ్యో నానమ్మా. పూత గీకి కట్టి చూపిస్త ఆగు. నువ్వు పెట్టినట్టే పెడుత. చూడు ఎటు పోతదో.”

“...అది తోక ముందట పెట్టి పోతున్నది.”

“పోతది మరి. మోటరు ఉల్టా తిరిగితే ముందటి రెక్క గాలిని అటు గాదు, ఇటు తోస్తది. విమానం వెనకకు జరుగుతది.”

“వెనకకైనా కుడిదిక్కే తిరుగుతున్నది గద.”

“రెండు జానలు తిరిగి వేలాడుతున్నది చూడు. విమానం వెనకకు ఎగరదు. బర్రె వెనకకు నడిస్తే నడుస్తదేమో గని ఇది నడవదు.”

“అయితే మళ్ళ నీ లెక్క పెట్టు.”

“పెడితే ఎడమ దిక్కు తిరుగుతది. జనాబాయి లేస్తది. పుస్తకంల బొమ్మ చూసి కట్టిన, దాంట్ల ఎడమ రెక్కకే తీగెలు ఉండె. ఇంగ్లీషోళ్ళకు ప్రదక్షిణ ఏమెరుక. ఐపాయె నానమ్మా. రామదాస్ మామకే పోనీ. నాకు ఏడుపు అస్తున్నది.”

“ఏడ్వకు. ముక్కు తుడుచుకో, దేవుని ముందట. నేను పుట్టిన మర్ఖేల్ ఊర్ల మా నాయినకు గానుగ ఉండె. గానుగెద్దు అటు గాదు ఇటు తిరగాల్నంటే ఏం చేస్తరు? ఎద్దును వెనకకు తోస్తరా?”

“తొయ్యరు. ఇప్పి, మలిపి, అవతలి దిక్కు కడ్తరు.”

“మరి?”

“...ఎడమ రెక్కకున్న తీగెలు తీసి కుడి రెక్కకు.”

“నాకు రెక్కల సంగతి ఎరుక లేదు, ఎద్దు సంగతే ఎరుక.”

“తోక మీది అట్ట గూడ ఇటు వంచాలె. మోటరు ముందటిలెక్కనే సీదా. నానమ్మా, కత్తెర అందియ్యి. సూదిదారం గూడ. గడియారంల ఎంతయ్యింది?”

“నాలుగయ్యింది. తీరుబాటుగ చెయ్యి. ఈసారి ముడి నువ్వే ఎయ్యి.”

“...వదులుతున్న. పక్కకు జరుగు, నీ నెత్తికి తాకుతది.”

“ఒకటి. సీదా పోతున్నది బిడ్డా. దేవుడు కుడి దిక్కున్నడు. రెండు. మూడు. ఇగ జనాబాయి రమ్మను, చూద్దాం.”

సాయంత్రం ఏడు. ఆరతి ముగిసింది. శివవ్వ భర్త, మండల్ అధ్యక్షుడు భీమయ్య వచ్చాడు.

“పదకొండు అయినయి సుమంగళా. నేను చేతి ఏళ్ళ మీద లెక్కపెట్టిన. ఏళ్ళు పది అయినంక శివవ్వ ఏలు తీసుకున్న.”

“పన్నెండో చుట్టుల విమానం దండకు తాకి నీ బట్టతల మీద బంతిపువ్వు పడ్డది తాతా. అది నేను అనుకోలే.”

“జనాబాయి దండం పెట్టింది. విమానం గూడ ప్రదక్షిణ చేసిందని అందరికి చెప్తున్నది. రామదాస్ గూడ చప్పట్లు కొట్టిండు, ఏం చేస్తడు మరి. మాట మాటే. ఇగో తాళంచెవి. పట్టు.”

“ఆగు. దానికియ్యకు.”

“ఏందే శివవ్వా? పొద్దుగాల్నుంచి దాని పక్కనే ఉంటివి గద?”

“ఉంటి. దానికియ్యకు. నాకియ్యి.”

“నీకా? నీకెందుకే?”

“నీకెందుకు ఉండె? ఇరువై ఏండ్ల సంది రాళ్ళకు గాట్లు కొట్టిచ్చింది ఎవరు? మోటరు బెల్టు జారితే ఎక్కిచ్చింది ఎవరు? నువ్వు బయట కుర్చేసుకొని మండల్ ముచ్చట్లు పెట్టుకుంటే లోపట తూకం చూసింది ఎవరు?”

“ఎవరన్న వద్దన్నరా?”

“వద్దనలే. నెల దినాల సంది రామదాస్‌కా, పిల్లకా అని ఇల్లంత లొల్లి. ఒక్కరన్న నా పేరు తీసిండ్రా? నేను గూడ ఎన్నడు అడగలే, అది నా తప్పు. ఇయ్యాల అడుగుతున్న. ఇటు తే.”

“అరువై దాటినయి నీకు.”

“డెబ్బై దాటిన నీ చేతిల ఉన్నది గద ఇంతదాంక.”

“మండలోళ్ళు ఏమంటరే?”

“అధ్యక్షుని పెండ్లాం గిర్ని నడుపుతున్నది అంటరు. తే.”

“...పట్టు. దేవుని ముందట నీతోని ఎవరు గెలుస్తరు. నేను పోయి ప్రసాదం పంచుత.”

“నానమ్మా, మరి నేను?”

“పొద్దున ఐదు గంటలకు రా. మోటరు నువ్వు చూసుకో, తాళం నేను తీస్త. నాకు చేతగానినాడు నీదే. ముఖం గట్ల పెట్టకు.”

“ముఖం ఏం పెట్టలే. ఒక్కటి అడుగుత, సీదా చెప్పు. తెల్లారకముందు తీగెలు ఉల్టా చేసింది దేవుని కోసమేనా?”

“దేవుని కోసం సగమే బిడ్డా, ఇంకో సగం నువ్వు గెలవొద్దని. గిర్ని రామదాస్‌కు అచ్చుంటే, వాడు పిండి దుమ్ముకు తుమ్ముకుంట పది దినాలల్ల ఉమ్రికి పారిపోతుండె, తాళంచెవి మెల్లగ నా చేతికి అస్తుండె. నువ్వు పారిపోవు, అదే నా భయం. మధ్యాహ్నం నీ ఏడుపు చూసి ఆగలేకపోయిన. గిదంత యాదుంచుకో సుమంగళా, రేపు నీ పిల్లలకు గూడ చెప్పు, గని దేవుని సగం ఒక్కటే చెప్పి నన్ను మంచిదాన్ని చెయ్యకు.”