కదిలిన చిటికెన వేలు

ఉండవే షాండీన్, ఆ టీవీ కట్టెయ్యకు. పాత సినిమా అయితే ఏం, కాసేపట్లో మా అన్నయ్య వస్తాడు అందులో. పేరా? పోయినవాళ్ళని మనం పేరు పెట్టి పిలవం కదా, అన్నయ్య అనుకో చాలు. ముందు కథ చెప్తా, లేకపోతే నీకు అందదు. ఆ నీలం రుమాలు తెల్లాయన లేడూ, ఆయన ఇల్లు మన తెగవాళ్ళు తగలబెట్టారట. పగ తీర్చుకోడానికి ఏళ్ళ తరబడి వెంటాడతాడు. తగలబెట్టేదీ మనవాళ్ళే, చచ్చేదీ మనవాళ్ళే, అంతే సినిమా. తీసిందంతా మన ఎర్రకొండల దగ్గరే. ఆ దుమ్ముకి మా గొర్రెలు ఒకటే తుమ్ములు! ఆఁ, ఎక్కడున్నాను? అన్నయ్య. గుర్రమెక్కితే వాడెక్కడ, గుర్రమెక్కడ అని తెలిసేది కాదు. చివర్లో తూటా తగిలి పడేది నువ్వేనని సినిమావాళ్ళు అన్నారని ఎగురుకుంటూ వచ్చాడు. అమ్మ రొట్టెల పిండి పిసుకుతోంది, చెయ్యి ఆపేసింది. "పడితే పడు. చచ్చినట్టు పడుకున్నావంటే మాత్రం చావుని చెయ్యి పట్టుకుని ఇంటికి తెచ్చినట్టే. ఆ తర్వాత ఈ గుమ్మం తొక్కకు." అమ్మ అన్నదంటే అన్నదే. వీడేమో అక్కడ మాటిచ్చేశాడు. కాదంటే వాడి గుర్రమెక్కి ఇంకొకడు పడతాడు. పాపం, ఆ రాత్రి ముద్ద ముట్టలేదు.

మర్నాడు పడ్డాడు, అబ్బ, ఎంత అందంగా పడ్డాడనీ! పడి, చిటికెన వేలు ఆడించాడు. "ఆపండి! శవం కదులుతోంది!" అని డైరెక్టరు కేకలు. మళ్ళీ పడ్డాడు, మళ్ళీ ఆడించాడు. "ఏంటయ్యా, చావడం కూడా చేతకాదా నీకు?" "మా ఇంట్లో నేర్పలేదు సార్." చూడ్డానికెళ్ళిన మేమందరం శాలువాల్లో నవ్వు. ఇంతలో పొద్దు కొండ వెనక్కి పోయింది, వెలుగు లేదు, ఆయన తల కొట్టుకుని సరే పొమ్మన్నాడు. ఇంటికొస్తే అమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "కదిలావా?" "కదిలానమ్మా." నమ్మితేనా! తర్వాత బడిలో దుప్పటి కట్టి ఆ సినిమా వేసినప్పుడు, ఎన్నడూ సినిమాకి రాని అమ్మ వచ్చి ముందు వరసలో కూచుంది. అందరూ తుపాకీ ఆయన్ని చూస్తుంటే మేము వేలు చూశాం. "కదిలింది" అని శాలువా కప్పుకుని లేచి వెళ్ళిపోయింది. అదిగో, అదిగో, ఆ ఎర్రబండ పక్కన, కుడిచెయ్యి చూడు... చూశావా? ఇప్పటికీ...

ఏమే, పొయ్యి మీద మాంసం మాడుతున్నట్టుంది, వెళ్ళి కలుపు.