మూడో మూట

“ఆ ఒక్క పేరు తప్ప ఇంకేదన్నా చెప్పమను తల్లీ, చెప్త. అది మాత్రం నా నోట రాదు.”

“పంతులు గారూ, ఇది సినిమా. మూటలో ఉన్నవి షూటింగ్ బియ్యం. ఆ వచ్చేవాడు వేషం వేసుకున్న మనిషి. ‘సంధ్యారాణి’ అని ఒక్కసారి అని నీళ్లు వదలండి, చాలు.”

“నువ్వులు నిజమే గద? గోదావరి నిజమే గద?”

“అక్కా, మీరైనా చెప్పండి. పొద్దు వాలితే ఈ వెలుతురు దొరకదు. కాసేపట్లో వస్తా. ఒప్పించి పెట్టండి.”

దర్శకురాలు దీప విసవిసా కెమెరా దగ్గరికి నడిచిపోయింది. గోదావరిఖని అవతల, వంతెన కింది రేవు మెట్ల మీద ఇద్దరే మిగిలారు. ఒకరు మంథని లక్ష్మీనరసింహ పంతులు. ఏటా పెత్తరమాస నాడు, చచ్చిపోయిన తమవాళ్ల పేరు మీద జనం బియ్యమిచ్చేది ఈ రేవులో ఈయన చేతికే. రెండో మనిషి సంధ్యారాణి. బొగ్గుబాయిల నేల నుంచి బాక్సింగ్ రింగు ఎక్కిన మొదటి ఆడపిల్ల, ఈ సినిమా ఆమె కథే. బతికున్న కూతురి పేరు మీద తండ్రి బియ్యమివ్వడం సినిమాకు గుండెకాయ లాంటి సీను. ఆ సంగతి దీపకు చెప్పింది సంధ్యారాణే.

“చాయ్ తాగుండ్రి అయ్యగారూ. సల్లారిపోతాంది.”

“ఒద్దు బిడ్డా.”

“నాకు లేని పట్టింపు మీకెందుకు? నా పేరే గద. నేనే ఎదురుంగ కూసోని అనుండ్రి అంటున్న.”

“బతికున్నోళ్ల పేరు అనొద్దు.”

“అప్పుడన్నరు గద.”

“ఎండ ముఖం మీద పడుతుంది. జర ఇటు జరుగు.”

“మాట తప్పియ్యకుండ్రి. మా నాయిన మూట ముందట పెడితె అన్నరు గద. ఒక్కపాలి గాదు, ఏటికేడు అన్నరు. ఇప్పుడొచ్చి నాకు శాస్త్రం చెప్తున్నరు.”

“మీ నాయిన వేషమేసినాయన... ఆ రుమాలు ఎక్కడిది?”

“మా అవ్వ ఇచ్చింది. నాయినదే.”

“అందుకే. ఇందాక మెట్లు దిగుతుంటే సూసిన. అచ్చం మీ నాయిన ఆగయ్యే వస్తున్నడనుకున్న.”

“నేను అటు సూస్తలేను. పొద్దటి సంది ఆయన దిక్కు వీపు వెట్టే కూసున్న. మొదట ఒక్కపాలి సూసిన, నడుం వంచి నడుస్తుండు, బాయిల బొగ్గు తట్టలు మోసిన మనిషి లెక్కనే. ఎవరు నేర్పిండ్రో ఏమో. దగ్గుడు గూడ నాయిన లెక్కనే.”

“మీ అవ్వ రాలేదా?”

“రానన్నది. ఒకపాలి సూసిన, మల్ల సూడలేనన్నది.”

“మీ అమ్మ అనసూర్య ఏం సూసింది?”

“ఏం సూసుడేంది? నాయిన మూటలు కట్టుడు సూసింది.”

“కట్టుడు సూసింది. ఈ రేవుకొచ్చి ఇచ్చుడు సూసిందా?”

“ఆడోళ్లను తెచ్చెటోడా ఆయన? ఏందయ్యగారూ, ఏమో అనబోతున్నరు, మల్ల మింగుతున్నరు.”

“ఏం లేదు. నువ్వు ఆ దీపమ్మకు ఏం జెప్పినవో మొదటి నుంచి చెప్పు.”

“మీకు తెల్వందా?”

“నాకు తెలిసింది నా దగ్గరుంది. నీ నోటెంట ఇననీ.”

“చెప్పెటానికి ఏమున్నది. మా మేనబావ భూపాల్‌కు నన్నియ్యాలని ఇంటి నిండ మందిని పిలిచిండు. సరిగ్గ పూలు పండ్లు పెట్టుకునే పొద్దే నాకు క్యాంపుకు పిలుపొచ్చింది. ఆడపిల్లలకు అదే మొదటి క్యాంపు. ఆ పొద్దు పోకపోతె ఇంకెన్నడూ పోలేను. బ్యాగు భుజాన ఏసుకున్న. పట్టుచీర మీదనే ఎల్లిన. ఇంటి కడప దాటుతుంటె నాయిన ఎనుకనుంచి అన్నడు. ‘నాకు బిడ్డ లేదు. నా బిడ్డ ఈ పొద్దే సచ్చింది’ అన్నడు.”

“అందరి ముందటనా?”

“గల్లీ గల్లీ అంత ఇన్నది. నేను మర్లి సూడలే. మర్లితె ఆగిపోతనని సూడలే.”

“ఊఁ.”

“ఆ యేడు పెత్తరమాసకు అవ్వ హాస్టలుకు ఫోన్ జేసింది. ఏడుస్తాంది. ‘బిడ్డా, మీ తాతకొక మూట కట్టిండు, నానమ్మకొక మూట కట్టిండు. ఇంకోటి గూడ కట్టిండు. ఎవరికయ్యా అంటె ముఖం మలుపుకుంటుండు’ అన్నది. ఇంట్ల ఇంకెవరు పోయిండ్రు అయ్యగారూ? నేనే గద.”

“నీకేనని ఆయన అన్నడా?”

“అనాల్నా? కడప కాడ అన్నది సాలదా?”

“సరే, సరే. తర్వాత?”

“ఆ మర్నాడే రింగుల నా మొదటి పోటీ, మొదటి బౌటు. ఇగ సూడుండ్రి, ఇది మా అవ్వకు గూడ సక్కగ చెప్పలే. గ్లౌజులు తొడుక్కుంటుంటె అరచేతులు తడిసినయి. చెమట నాకెరుకనే, అది చెమట గాదు. సల్లటి నీళ్లు. నువ్వుల వాసన. ఎవరో నా పేరనుకుంట నా చేతుల పోసినట్టు. గంట కొట్టిండ్రు. సచ్చినదాన్ని ఇంకెవరు సంపుతరు అనుకున్న. దెబ్బలు తాకుతున్నయి గని ఇంకెవరికో తాకుతున్నట్టున్నయి. గెలిచిన.”

“శివ శివ.”

“ఇగ ప్రతి బౌటుకూ గంతే. ఆ తడి వచ్చేదాక కండ్లు మూసుకొని కూసునేదాన్ని. రాకపోతె రింగెక్కడానికి కాళ్లు వచ్చేటియి గావు. పేపరోళ్లు ధైర్యమని రాసిండ్రు. కోచ్ సదానందం సారు మొండిది అన్నడు. ధైర్యం ఎక్కడిది? పీనుగకు భయమెందుకుంటది?”

“గట్లనకు బిడ్డా. పెద్దోణ్ని, చెప్తున్న. గట్లనకు.”

“సినిమా పోస్టరు మీదనే ఉన్నది. ‘చచ్చిన పిల్లను ఎవరు ఓడిస్తారు’ అని. నేను చెప్పిన మాటనే రాసిండ్రు.”

“నువ్వు చెప్పినవా?”

“నేనే. నిద్రల గూడ ఆయన కనవడతడు. ఈ మెట్ల మీద నడుం వంచుకొని వస్తడు, మూట ఇప్పుతడు, నా పేరంటడు. నేను ఇక్కడే ఉన్న నాయినా అని ఒర్లుత. ఆయనకు ఇనరాదు. ఇన్నేండ్లయింది, ఒక్క నెల గూడ ఆ కల తప్పలే. అందుకే సినిమా తీస్తమంటె ఒప్పుకున్న. ఆ సీను తెర మీద పడ్డంక నా కండ్లల్ల పడదేమోనని. నా బాధ అది. మీరు ఒక్క మాట అంటె అది తీరిపోతది. అనుండ్రి, కాళ్లు మొక్కుత.”

“లే, లే. కాళ్లు ఇడువు. అది తీరే మాట గాదు. చివరికి ఆగయ్యను సూసినవా?”

“సూసిన. పోయిన చలికాలం, దవాఖానల. అప్పటికే మాట పోయింది. పక్కపొంటి కూసుంటె నా మణికట్టు పట్టుకున్నడు. నర్సనుకున్నడేమో. బొటనవేలు ఇగో ఇక్కడ పెట్టి గట్టిగ ఒత్తిండు. ఇడిపించుకుందామంటె ఇడువడు. అట్లనే పట్టుకొని నిద్రపోయిండు. మల్ల లేవలే. నన్ను గుర్తువట్టకుండనే పోయిండు అయ్యగారూ. బిడ్డ సచ్చిందనుకునే పోయిండు.”

“లేదు.”

“ఏం లేదు?”

“నాతోటి ఒట్టు వేయించుకున్నడు. ‘నేను బతికున్నన్ని దినాలు ఎవరికీ చెప్పొద్దు’ అన్నడు. ఆయన పోయినంక నిన్నొకసారి రమ్మని కబురు వెట్టిన. నువ్వు రాలేదు, సినిమావోళ్లను తోలినవ్.”

“సినిమాల వేషం అడుగుతున్నరనుకున్న. ఏం ఒట్టు?”

“బాయి పనోళ్లకు ఒక పట్టింపు ఉంటది గద. డ్యూటీకి కడప దాటుతుంటే ఎవరన్నా చావు మాట అన్నరనుకో. ఏం జేస్తరు?”

“ఎనుకకు మర్లుతరు. కాళ్లు కడుక్కొని, ఇంటోళ్ల చేతి చెంబెడు నీళ్లు తాగి, జరసేపు కూసోని అప్పుడు పోతరు. లేకుంటె ఆ మాట మనిషెంట బాయిలకు దిగుతదంటరు. మా నాయిన దానికోసం షిఫ్టులే పోగొట్టుకున్నడు. ఇప్పుడదెందుకు?”

“నువ్వు మర్లినవా ఆ పొద్దు?”

“రైలుకు యాళ్లయితుందని...”

“మర్లినవా?”

“లేదు.”

“నీళ్లు తాగలేదు గద. ఆగయ్య నీ ఎనుక ఉరికిండు. ఇంటి నిండ చుట్టాలను వదిలిపెట్టి, చెంబు పట్టుకొని రామగుండం టేషన్ దాక వచ్చిండు. రైలు కదిలిపోయింది. నీళ్లు అక్కడే పారబోసి వచ్చిండు.”

“అబద్ధం. నన్ను ఆపుతా అన్నడని, కొడ్తా అన్నడని చెప్పిండ్రు నాకు. చెంబు మాట ఎవరూ చెప్పలే.”

“చెంబు ఎవరికన్నా కనవడితె గద? దాని మీద తువ్వాల కప్పుకొని పోయిండట. పదిమందిల సచ్చిందన్న నోటితో, మల్ల నీళ్లు తాగు బిడ్డా అనెటానికి సిగ్గుపడ్డడు. మొగోని సిగ్గు. నాకు ఈ మెట్టు మీదనే చెప్పిండు, చిన్నపిల్లగాని లెక్క ఏడ్చుకుంట.”

“ఎప్పుడు?”

“ఆ పెత్తరమాస పొద్దే. మొదటి మూట మీ తాతకు, రెండోది మీ నానమ్మకు అయినయి. మూడోది ఇప్పిండు. నీ ముచ్చట ఊరంత ఇన్నరు, నేనూ ఇన్న. బిడ్డ పేరంటే లేచిపోదామనే కూసున్న. ఎవరి పేరు మీద ఆగయ్యా, అని అడిగిన.”

“సంధ్యారాణి అన్నడు.”

“ఆగయ్య అన్నడు.”

“ఏంది?”

“తన పేరే చెప్పిండు బిడ్డా. ఎదురుంగ సక్కగ కూసున్న మనిషి, తన పేరు మీద తనకే బియ్యం పెట్టమన్నడు. నీకు మతి పోయిందా, ఇది పాపం, నేను పెట్టనన్న. ఇనలేదు. ‘నోరు జారి చావు మాట అన్న అయ్యగారూ. అది నా బిడ్డెంట రైలెక్కింది. ఆడ తలకాయల మీద గుద్దుకుంటరట. ఏ దెబ్బల కలిసి ఆ మాట తగుల్తదో. ఇంటి మీద పడ్డ మాటను ఎవరో ఒకరు మోయాలె. బిడ్డ మీదికి పోయినదాన్ని నా మీదికి మలుపుండ్రి. మీ నోటికి రాకుంటె నేనే అనుకుంట’ అన్నడు.”

“మీరేం జేసిండ్రు?”

“నేను ఆ పేరు అనలేదు. ఆయనే తన పేరనుకొని నీళ్లు ఇడిసిండు. ఆ యేడొక్కటే గాదు. నువ్వు కొట్లాడినన్ని యేండ్లు ఇడిసిండు. నువ్వు ఆట బందు చేసినవని పేపర్ల వచ్చినంక, ఇగ చాలు ఆగయ్యా అన్న. ‘రేపు మల్ల ఎక్కుతదేమో, దాని మొండితనం మీకు తెల్వది’ అన్నడు. ఇచ్చిండు.”

“నా పేరు... ఒక్కసారి గూడ?”

“ఒక్కసారి గూడ అనలేదు. నన్ననియ్యలేదు. అందుకే, ఆయన అంత కాపాడిన పేరును ఇప్పుడీ నీళ్లల్ల నేనెట్ల ఇడుస్త చెప్పు.”

“మరి నా చేతుల తడి ఏంది? ఆ నువ్వుల వాసన ఏంది?”

“అది నాకు తెల్వది బిడ్డా. తెలిసినట్టు చెప్పను.”

“నాడి సూసిండు.”

“ఏమన్నవ్?”

“దవాఖానల. బొటనవేలు పెట్టి ఒత్తింది... అయ్యగారూ, నాడి సూసిండు. కొట్టుకుంటుందా లేదా అని సూసుకొని నిద్రపోయిండు.”

“ఏడువు. ఆపుకోకు. మొఖం కప్పుకోకు, ఎవరూ సూస్తలేరు, ఏడువు.”

“అక్కా! లైటు పోతోంది. ఒప్పుకున్నారా పంతులు గారు? అయ్యో, ఏమైంది, ఎందుకేడుస్తున్నారు?”

“ఏం గాలే దీపా. ఆ సీను ఇడిసిపెట్టు.”

“ఇడిసిపెట్టడమేంటి అక్కా, సినిమా అంతా దాని మీదే కదా నిలబడింది.”

“తప్పు మీద నిలబడ్డది. నేనే తప్పు చెప్పిన, నాకు గట్లనే తెలుసు. కూసొని చెప్త, అంత చెప్త. ముందుగాల ఆ రుమాలు కట్టుకున్నాయనను ఇటు రమ్మను.”

“షాట్‌కా?”

“గాదు. ఆ పొద్దు మర్లలే గద, ఇప్పుడు ఆయన దిక్కు మర్లి కూసుంట. ఒక చెంబు మంచినీళ్లు పట్టుకొని ఆయనను దగ్గరికి రమ్మను.”

“నీళ్లు ఎవరికక్కా?”

“నాకే. నేను సావలేదట దీపా. ఇన్నేండ్లు ఒక్క దినం గూడ సావలేదట. ఇప్పుడు భయమైతాంది.”