ఆదివారం మీటింగు

కాస్త మెడ ఎత్తకూడదూ? ఈ కాలరు బొత్తం నా వేళ్ళకి లొంగనంటోంది. పోనీలెండి, బతికుండగా నా మాట ఎప్పుడు విన్నారు గనక!

యూనిఫారం తొడిగి ఉంచమన్నారు మీ సైన్యం వాళ్ళు. అమ్మాయి "నేను తొడుగుతానమ్మా" అంది. వద్దన్నాను. మీ నాన్నతో నాకు పనుంది, తలుపు దగ్గరగా వేసి వెళ్ళు అన్నాను.

ఎంత తేలికైపోయారండీ! ఎనభై దాటాక మనిషి సగమైపోయారు. తొడలో ఆ ఇనపముక్క మాత్రం అలాగే ఉంది, చేతికి తగిలింది. యుద్ధంలో ఎవరినో భుజానేసుకుని మోసుకొస్తుంటే దిగబడిందట. లోకమంతా చెప్పుకుంది, మీరు మాత్రం నాకు చెప్పలేదు.

ఇల్లు పట్టించుకోలేదని అననండోయ్, కళ్ళు పోతాయి! సైన్యం వదిలాక మిల్లు గేటు దగ్గర కాపలా ఉన్నారు. రాత్రి డ్యూటీ దిగి వచ్చి, కునుకైనా తీయకుండా పిల్లల బూట్లకి పాలిష్ పెట్టేవారు. నా తుంటి విరిగినప్పుడు జడ వేసిందెవరు? మీరే. అదేం జడండీ బాబూ, తాడు పేనినట్టు! కణతలు లాగేసేవి. చూడ్డానికొచ్చినవాళ్ళంతా నవ్వారు. అయినా మీరు మానలేదు.

మరి చిన్నోడు పోయినప్పుడు?

మీలాగే యూనిఫారం వేసుకుని వెళ్ళాడు. రెండేళ్ళు తిరక్కుండా పెట్టెలో వచ్చాడు. మీరు నిటారుగా నిలబడి సెల్యూట్ కొట్టారు. అంతే! కంట చుక్క లేదు. ఇంటికొచ్చాక, "వాడి మాట ఇక నా దగ్గర ఎత్తకు" అన్నారు.

ఎత్తానా? ఇన్నేళ్ళలో ఒక్కసారైనా ఎత్తానా? వాడి ఫొటో ట్రంకుపెట్టె అడుగున దాచేశాను. ఏడుపొస్తే స్నానాల గదిలోకి పోయి కుళాయి తిప్పుకున్నాను. నా ఏడుపు వింటే ఈయన కూలిపోతారు అనుకున్నాను. పిచ్చిదాన్ని!

వాడు వదిలి వెళ్ళిన కోడలికి మీరే మళ్ళీ సంబంధం చూశారు. వాడి బట్టల్లో వాసనైనా పోలేదు, అప్పుడేనా అని మండిపడ్డాను. "దాని వయసెంత? నీకు తోడుగా ఏడవడానికి అట్టిపెడతావా?" అన్నారు. తండ్రి స్థానంలో నిలబడి పెళ్ళి చేశారు. నేను రాలేదు. ఆ పిల్లా మళ్ళీ మన గడప తొక్కలేదు.

ఇవాళ తొక్కింది. అందరికంటే ముందే వచ్చి మీ కాళ్ళు పట్టుకుంది. "ఆదివారం రాలేదేంటి నాన్నా? మీరొస్తారని కూర్చునే ఉన్నాను" అంది.

ఆదివారమా?

ప్రతి ఆదివారం మీకు మాజీ సైనికుల మీటింగు కదండీ! ఇస్త్రీ చేసిన చొక్కా చేతికిచ్చి పంపేది నేనే కదా!

పక్కకి పిలిచి అడిగాను. దాచలేదు, పాపం. "మీ అబ్బాయి చిన్నప్పటి సంగతులు చెప్పేవారత్తయ్యా. సైకిలు నేర్పితే పళ్ళు రాలగొట్టుకున్నాడని నవ్వేవారు. అలా నవ్వుతూనే ఏడ్చేవారు. మా ఆయన టీ ఇచ్చి వీధిలోకి వెళ్ళిపోయేవాడు. 'మీ అత్తయ్యకి చెప్పకమ్మా, తట్టుకోలేదు' అనేవారు" అంది.

నేనా? తట్టుకోలేనా?

ఆ రోజు వాడి నోట్లో నెత్తురు కడిగిందెవరండీ? ఊడిన పళ్ళు వెతుకుతూ రోడ్డు మీద కూర్చున్నదెవరు? నాతో చెప్పుకుంటే నేనూ నవ్వేదాన్నిగా! నేనూ మీ పక్కన కూర్చుని ఏడ్చేదాన్నిగా!

ఒకే మంచం మీద చెరో గోడ వైపు తిరిగి పడుకుని, ఒకరికి తెలియకుండా ఒకరం కాపలా కాసుకున్నామన్నమాట. బాగుంది. చాలా బాగుంది సంసారం!

ఏంటీ, తప్పంతా మీదేనంటున్నానా? ఏమో. నాకిప్పుడు తగువులాడే ఓపిక కూడా లేదు.

బయట జీపు ఆగినట్టుంది. మీవాళ్ళు లోపలికొస్తారు, భర్త గురించి రెండు మాటలు చెప్పమ్మా అంటారు. చెబుతాను. మంచి మనిషి, ఇంటిని కంటికి రెప్పలా చూసుకున్నారు అంటాను. అబద్ధమేం కాదుగా.

ఇంకా చెప్పమంటే మాత్రం నా దగ్గరేముంది? వరండాలో కూర్చున్న ఆ పిల్లని అడగండి, ఆయన సంగతి దానికే బాగా తెలుసు అంటాను.