పెప్పర్‌మెంట్ డబ్బా కింద ఫ్లాస్కు

ఈ వాంగ్మూలంలో నేరం తక్కువ, మంచూ నిద్రమత్తూ ఎక్కువ. అందుకు కలమజూ పోలీసు శాఖకు, దీన్ని ఓపికగా టైపు చేస్తున్న సార్జెంట్ పైక్ గారికి, రసాయన శాస్త్రానికి, అందులో నాకు డిగ్రీ ఇచ్చి పొరబడిన కాలేజీకి శిరసు వంచి క్షమాపణ చెప్పుకుంటున్నాను.

నా పేరు కోరీ వాండర్‌వీల్. వయసు ఇరవై ఆరు. మందుల కంపెనీలో సహాయ పరిశోధకుణ్ణి, మొన్న శుక్రవారం సాయంత్రం అయిదింటి దాకా.

నాలుగేళ్లు డాక్టర్ నెల్డా హుక్‌స్ట్రా గారి కింద పనిచేశాను. ఆమెకు అరవై మూడేళ్లు. ముప్పై నాలుగేళ్లు మందులు తయారుచేశారు. ఒక్కటీ షాపు దాకా రాలేదు. ఒకటి ఎలుకల దగ్గర ఆగింది. ఒకటి కుక్కల దగ్గర ఆగింది. ఒకటి మనుషుల దాకా వెళ్లి వాళ్ల కాలేయం దగ్గర ఆగింది. చివరిది పసిపిల్లల మూర్ఛకు. అది పనిచేస్తుంది, కానీ గడ్డకట్టదు. తేనెలా జారుతుంది. స్ఫటికాలు కట్టకపోతే దాన్ని శుద్ధి చేయలేం, మాత్రగా ఒత్తలేం. పదకొండేళ్లు జారుతూనే ఉంది.

స్ఫటికాలు రావడానికి మందున్న గాజు ఫ్లాస్కు లోపలి గోడను గాజు కడ్డీతో గీకుతారు. మా వృత్తిలో అందరూ గీకుతారు. ఎందుకు గీకాలో ప్రమాణం చేసి చెప్పమంటే మాత్రం నీళ్లు నములుతారు. మధ్యాహ్నాలు ఆమె గీకుతుంటే ఆ సన్నటి చప్పుడుకు నా కళ్లు మూతపడేవి. కిటికీ అవతల సరస్సు మీంచి వచ్చే మంచు. కాసేపటికి మంచు బయట పడుతోందో, ఫ్లాస్కులో పడుతోందో తెలిసేది కాదు.

“ఒరేయ్ కోరీ, నిద్రా?”

“లేదు డాక్టర్, ప్రార్థన.”

“ప్రార్థనకు గురక కూడానా? ఇదిగో, ఇది చప్పరించు.”

కోటు జేబులోంచి పెప్పర్‌మెంట్ తీసి ఇచ్చేవారు. చర్చిలో ప్రసంగం సాగినప్పుడు మా అమ్మమ్మలు చేతిలో పెట్టే బిళ్లే అది.

ఫిబ్రవరి 8, శుక్రవారం మా విభాగం మూసేశారు. నమూనాలన్నీ కాల్చేయడానికి పంపాలి. సొంత సామాను తలా ఒక అట్టపెట్టెలో పట్టుకుపోవచ్చు. మధ్యాహ్నం 3:10కి ఆమె తన పెట్టెలో కప్పు, స్వెట్టరు, పెప్పర్‌మెంట్ డబ్బా పెట్టుకున్నారు. ఆఖరి ఫ్లాస్కును వెలుతురుకెత్తి చూశారు.

“ఇంకో పదకొండేళ్లిస్తే లొంగేదే, మొండిది.”

“మీకంటేనా?”

“పోరా! దీన్ని కాల్చేసేవాటి ట్రేలో పెట్టు. నేను వెళ్లి వాళ్ల వీడ్కోలు కేకు కోసొస్తా. ఏడవకూడదు, కేకు ఉప్పనవుతుంది.”

3:25కి వెళ్లారు. 4:50కి పెట్టె కారు డిక్కీలో పెట్టుకుని, పన్నెండు మైళ్ల అవతల మాటవాన్‌లోని ఇంటికి వెళ్లిపోయారు. పెట్టె దించడానికి మనసొప్పలేదట.

సోమవారం లెక్కలో ఒక ఫ్లాస్కు తగ్గింది. మంగళవారం పోలీసులు డిక్కీలోంచి పెట్టె తెచ్చి స్టేషన్‌లో తెరిచారు. ఫ్లాస్కు దొరికింది. లోపల తెల్లటి స్ఫటికాలు. ఆమె ఎప్పుడో రహస్యంగా స్ఫటికాలు సాధించి, వేరే కంపెనీకి అమ్మడానికి దొంగిలించారని మా కంపెనీ లాయరు ఫిర్యాదు. ఆమె పింఛను నిలిపేశారు. నేరం రుజువైతే జైలు.

“ఆమెకు ఇదంతా చెప్పాం,” అన్నారు ఈ ఉదయం సార్జెంట్ పైక్. “లాయరు కావాలా అంటే, ‘సూదుల్లా ఉన్నాయా, పలకల్లా ఉన్నాయా?’ అనడిగింది. ఏం మనిషయ్యా బాబూ!”

సూదులే. ఫోటోలో చూశాను. గీకకుండానే, ఎవరూ చూడకుండానే, నాలుగు రాత్రుల చలిలో వాటంతట అవే కట్టుకున్నాయి. దొంగిలించిన మనిషైతే వాటి ఆకారం అడగరు.

ఆమె దాచడం చూశావా అని నన్ను అడిగారు. చూడలేదు. శుక్రవారం 3:32కి గదిలో నేనొక్కణ్ణే ఉన్నాను. ఫ్లాస్కు వంచి చూశాను. ఇంకా జారుతోంది. ట్రేలో పెట్టబోతే చెయ్యి రాలేదు. ఆమె స్వెట్టరులో చుట్టి, ఆమె పెట్టెలో, పెప్పర్‌మెంట్ డబ్బా కింద పెట్టాను. ఆమెకు చెప్పలేదు. దొంగను నేను.

చదివి వినిపించారు, విన్నాను. మంచుతో సహా ప్రతి మాటా నిజం.

సంతకం: కోరీ వాండర్‌వీల్
కలమజూ, ఫిబ్రవరి 13, 2019, ఉదయం 11:20