తుడిచేసిన మాట

సాయంత్రం. తమ్ముడు కంప్యూటర్ ముందు కూర్చున్నాడు, అక్క గుమ్మంలో నిలబడింది.

"తుడిచేశాను కదక్కా! ఇంకా దాన్నే పట్టుకుని వేలాడతావేం?"

"తుడిచేసే ముందు ఏం రాశావో నీ నోటితో చెప్పు."

"ఏదో రాశాను. కోపంలో."

"ఏదో అంటే?"

"ఏదోలే..."

"నేను చెప్పనా? 'ఇంత చెత్త బుర్ర పెట్టుకుని ఇక్కడికెందుకొచ్చావ్, పోయి పడుకో' అని. నాన్న ఈడు మనిషిని! ఆన్‌లైన్‌లో అందరూ చూసే చోట! ఛీ!"

"నీకెవరు చెప్పారు?"

"ఆయనే."

"మనతో పనిచేసే బ్యాంకాయనా? అప్పుడే నీకు ఫోన్ చేసి పితూరీలు కూడానా? చూశావా, అదీ ఆయన బుద్ధి!"

"నోర్ముయ్. మన సాఫ్ట్‌వేర్ ఏ పదం సరిగ్గా పలకలేదో చెప్పడానికి ప్రతి వారం చేస్తారుగా. ఇవాళ పదాలేం లేవమ్మా, ఇక నేను మీ పనిలోకి రానమ్మా అన్నారు. గుచ్చి గుచ్చి అడిగితే అప్పుడు చెప్పారు."

"రానన్నాడా?"

"మరి, వస్తారనుకున్నావా?"

"అది కాదక్కా. ఆయన రాసి పంపిన మార్పు సాఫ్ట్‌వేర్‌లో కలిపితే పాత కంప్యూటర్లన్నీ బిగుసుకుపోయాయి. వాడేవాళ్ళంతా వచ్చి నా మీద పడ్డారు. నాకేమన్నా జీతమా, భత్యమా? ఉద్యోగం చేసొచ్చి మళ్ళీ దీని ముందు కూర్చుంటున్నాను."

"ఆయనకి నువ్వేమన్నా జీతమిస్తున్నావా?"

"లేదనుకో..."

"తప్పుంటే తప్పని చెప్పు. ఫలానా చోట తేడా వచ్చింది, ఇలా దిద్దండి అను. పని గురించి చెప్పరా అంటే మనిషి బుర్ర గురించి చెప్తావేం?"

"ఆ ఊపులో అలా..."

"'ఇక్కడ అందరూ ఒకరినొకరు గౌరవించుకోవాలి' అని మన సైటు మొదటి పేజీలో పెట్టిందెవరు?"

"నేనే."

"థూ!"

"అక్కా!"

"ఏం, నేనంటే పొడుచుకొచ్చిందా?"

"సరే, తప్పే. ఒప్పుకుంటున్నాను. అయినా కాసేపట్లోనే తీసేశాగా. మహా అయితే ఒక్కసారి చదివుంటాడు."

"చదివారా? కళ్ళు కనపడని మనిషి ఎలా చదువుతార్రా?"

"అదే... విన్నాడు. తెర మీదున్నదంతా మన సాఫ్ట్‌వేర్ చదివి వినిపిస్తుంది కదా. అది చెయ్యడానికేగా మనమందరం..."

"ఏ గొంతుతో వినిపిస్తుంది?"

"గొంతా?"

"అడుగుతున్నా. అందులో ఉన్నది ఎవరి గొంతు?"

"నీదే."

"అంత ఎండల్లో, చప్పుడొస్తుందని ఫ్యాన్ కూడా ఆపుకుని, ఈ గదిలోనే తలుపులేసుకుని పదాలన్నీ చదివి రికార్డు చేసిచ్చాను. చూపు లేనివాళ్ళకి పనికొస్తుందే అక్కా అని బతిమాలావని. దాంతో ఆయన్ని తిట్టించావ్. 'మీరు కాదని తెలుసమ్మా, కానీ చెవికి మీరే అన్నట్టుంది. మన భాషలో ఇంకో గొంతుంటే మార్చుకునేవాణ్ణి' అన్నారు. నా గొంతంటే నాకే రోత పుట్టిందిరా."

"అక్కా, నేనసలు అలా ఆలోచించలేదు..."

"తెలుస్తూనే ఉంది."

"ఉండు, ఇప్పుడే రాస్తాను. క్షమించమని అందరి ముందూ రాస్తాను. ఇదిగో..."

"ఆగు. కీబోర్డు మీద చేతులు తియ్."

"మళ్ళీ ఏమైంది? క్షమాపణేగా!"

"నువ్వు రాస్తే అదీ నేనే చెప్పినట్టు వినపడుతుంది. ఇదిగో ఫోను, ఆయనకే చేశాను, మోగుతోంది. నీ గొంతుతో చెప్పు."