చీరల ఊళ్ళె చింకి గుడ్డ

సూరత్‌లో తెలంగాణ నేత కార్మికుల బస్తీ. తల్లులు పనికి పోతే పిల్లల్ని చూసుకునే బాలవాడి గది. లోపల పిల్లలు, ముగ్గురు ఆడవాళ్ళు: ఆయా కొమురవ్వ, సాంచాల (మరమగ్గాల) షెడ్డులో కండెలు చుట్టే భాగ్యలక్ష్మి, బాలవాడి నడిపే సంస్థ నుంచి వచ్చిన సంధ్యారాణి.

"ఈ టీవీ ఎక్కడిది అవ్వా?"

"రఘుపతి సేఠ్ ఇంట్లకెల్లి తెచ్చిన బిడ్డా. సాయంత్రం ఇచ్చేస్త అని చెప్పిన. మంచిగున్నదా?"

"మంచిగనే ఉన్నది. మరి గీ తివాచీ?"

"లలితమ్మది. కొని ఏడాదైంది, ఇంకా కవర్ గూడ తియ్యలే."

"అవ్వా, మనకు పైసలిచ్చె ఫారినోళ్ళు ఇంకో గంటల వస్తరు."

"రానియ్. చాయ్‌కి స్టీలు గిలాసలు గూడ తోమి పెట్టిన."

"నేనేమంటున్ననంటే... పోయిన వారం నేను వచ్చినప్పుడు ఒక చినిగిన చాప ఉండె గదా. అది ఏది?"

"అటక మీద దాచిన. ఇంటికి సుట్టాలొస్తే చింకి చాప ఏస్తరా ఎవరన్న? సముద్రాలు దాటి వస్తున్నరు పాపం."

"జర ఆ చాప దించున్రి. టీవీ వాపస్ పంపున్రి."

"ఎందుకు మేడం? టీవీ ఉంటే ఆళ్ళకు నచ్చదా?"

"నచ్చదని కాదు భాగ్యక్కా. అట్ల కాదు. ఉన్నది ఉన్నట్టు ఉంటే మంచిది, అంతే."

"ఉన్నది ఉన్నట్టంటే, నేనూ కొమురవ్వా కలిసి ఏసిన సున్నం గూడ గీకాల్నా?"

"నన్ను ఇబ్బంది పెట్టకు అక్కా. ఇచ్ఛాపూర్ల మన లెక్కనే ఒక బాలవాడి ఉండె. పైసలిచ్చెటోళ్ళు చూసెతందుకు వచ్చిన్రు. పిల్లలు బూట్లు ఏసుకొని వరుసగ నిలబడి పాట పాడిన్రు. వాళ్ళు చప్పట్లు కొట్టిన్రు, ఫోటోలు దిగిన్రు. పోయినంక ఏం రాసిన్రో తెలుసా? ఈ బస్తీ బాగుపడ్డది, ఇగ మా సాయం అక్కర లేదు అని."

"అంటే?"

"అంటే మూసేసిన్రు."

"మూసేసుడేంది మేడం? ఇది మూసేస్తే మా సుమన యాడుంటది? మళ్ళ షెడ్డుకే తీస్కపోవాల్నా? దాని నడుముకు పాత చీర కట్టి, మిషన్ కాలుకు ముడేసి కండెలు చుడుతుంటి. ఒకపారి ముడి ఊడి మోటారు పట్టా దాక పాకింది. పక్క సాంచా ఆయన గుంజకపోతే నా బిడ్డ చెయ్యి పోతుండె."

"అందుకే చెప్తున్న అక్కా."

"సక్కగ చెప్పు బిడ్డా. మేము బీదోళ్ళ లెక్క కనబడాల్నా?"

"నేను అట్ల అనలే అవ్వా."

"అనలే. కనబడాల్నా, వద్దా?"

"జర."

"మేము బీదోళ్ళమే గదా. మళ్ళ కనబడుడేంది?"

"ఉంటే చాలదు అవ్వా. చూస్తే తెల్వాలె. ఈ పిల్లలను చూడు. ఒక్కో పొల్లకు జరీ గవును, ఆ పోరనికి సిల్కు అంగీ. ఎవరు నమ్ముతరు?"

"సూరత్ల జరీ కాక ఇంకేం దొరుకుతది? రింగ్ రోడ్ మార్కెట్ల మిగిలిన ముక్కలు కిలోల లెక్క అమ్ముతరు. కిలో తెస్తే నలుగురు పిల్లల గవున్లు ఎల్లుతయ్. మాకు కూరకు కరువుగని బట్టకు కరువు లేదు."

"అయితే పాతయి తెండ్రి. ఎవరింట్లనన్న చినిగినయ్ ఉంటయ్ గదా?"

"యాడుంటయ్? పాత బట్టలన్నీ గిన్నెలిచ్చెటామెకు ఏసినం. గీ చాయ్ గిలాసలు గట్ల వచ్చినయే."

"చిన్నవ్వ ఇంట్ల?"

"చిన్నవ్వ మాకంటె ముందే ఏసింది. బకెట్ తెచ్చుకున్నది."

"ఇంత పెద్ద చీరల ఊళ్ళె ఒక్క చింకి గుడ్డ దొరకదా?"

"నువ్వు గీడనే పుట్టి పెరిగితివి. నీకు ఇయ్యాల తెలిసిందా?"

"కొమురవ్వా, కత్తెర ఉన్నదా?"

"కత్తెర ఎందుకే భాగ్యా?"

"ఇయ్యి జర."

"ఏందే, నేసేటోళ్ళ ఇంట్ల పుట్టి మంచి బట్టను నీ చేతులతోనే చింపుతవా? మా అత్త పోయిన దినం తప్ప మా ఇంట్ల బట్ట చింపిన సప్పుడు ఇనలే నేను."

"చింపుత. సుమనా, ఇటు రా బిడ్డా. నిలబడు. ఏడ్వకు, నిన్నేమనను. మేడం, భుజం కాడనా, కిందనా?"

"భుజం కాడ. కింద గూడ జర."

"గీ ఒక్క గవునే మంచిది దీనికి. పెరుగుతదని పెద్దగ కుట్టిచ్చిన. పోయినేడు కాళ్ళ దాక వేలాడుతుండె, ఇప్పుడే సరిగ్గ పట్టింది. ఇగో. సాలా?"

"సాలు. నన్ను తిట్టుకోకు అక్కా."

"తిట్టుకుంట. ముందు వాళ్ళను వచ్చిపోనీ."

"ఆగున్రి, మా సార్ ఫోన్. హలో సార్. రెడీ సార్, అంత సింపుల్‌గ ఉంచినం. ఏంది సార్? మొన్న మీరు అట్ల చెప్పలే గదా. సరే సార్. సరే."

"ఏమన్నడు బిడ్డా?"

"కారు అప్పుడే మన గల్లీ మూల మీదికి వచ్చిందంట."

"గంతేనా? మరి నీ మొఖమెందుకు తెల్లబోయింది?"

"ఈసారి కొత్తామె వస్తున్నదంట అవ్వా. మన బీదతనం చూసెతందుకు కాదంట. వాళ్ళ పైసలతోని ఏం బాగుపడ్డదో అది చూస్తదంట. బాగుపడకుంటే బంద్ అంట."

"గంతే గదా. చాప తీసి తివాచీ ఏస్త. టీవీ గూడ ఇంకా ఈడనే ఉన్నది."

"టీవీ చూడరు అవ్వా. పోయినేడు బాలవాడి తెరిచిన దినం తీసిన ఫోటో వాళ్ళ కాడ ఉన్నదంట. అదే పిల్లను అదే గోడ కాడ నిలబెట్టి ఇంకోటి తీస్తరంట. రెండు పక్కపక్కకు పెట్టి చూస్తరంట."

"ఏ పిల్లను మేడం?"

"సుమనను."

"గా దినం గూడ గీ గవునే తొడిగిన మేడం. కొత్తది."